కెమెరా పేరు పదకొండుసార్లు

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయికి 26 ఏళ్లు. పేరు వేయొద్దంది. సొంతూరు హనుమకొండ. బీటెక్ ఈసీఈ అయ్యాక అమీర్‌పేటలో ఆరు నెలలు ఎడిటింగ్ నేర్చుకుంది. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు, మాదాపూర్‌లో ఉద్యోగం. పోటీ పరీక్షల పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే కంపెనీలో మూడేళ్లుగా వీడియో ఎడిటర్. జీతం 28,000. "సార్లు దగ్గిన చోటల్లా కట్ చేయడం నా పని" అని రాసింది.

ముహూర్తాలున్న రోజుల్లో, సెలవు దొరికితే, కూకట్‌పల్లి వైపు ఒక పెళ్లి వీడియోల టీముతో వెళ్తుంది. అక్కడ రెండో కెమెరా పట్టుకుంటుంది, హైలైట్స్ ఎడిట్ చేసిస్తుంది. గత ఏడాది 14 పెళ్లిళ్లు చేస్తే తొమ్మిదింటికే డబ్బులొచ్చాయి. ఇంకా 46,000 రావాలి. అడిగితే టీము నడిపే ఆయన "సీజన్ అయిపోనీ, సెటిల్ చేస్తా" అంటాడట. రెండు సీజన్లు అయిపోయాయి.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆమె పెళ్లికని 7 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి ఉంచారు. దసరాకు ఇంటికెళ్తే ఆయనే కదిపారు: "బ్యాంకుల పడుంటే ఏమొస్తది బిడ్డా, కెమెరా కొనుక్కో. నీ కాళ్ల మీద నువ్వు నిలబడితే పెండ్లి దానంతట అదే అయితది." ఆ మాట విన్నప్పట్నుంచి అమ్మ ఇద్దరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఆవిడ అన్నది ఒక్కటే: "నడిరాత్రి ముహూర్తాలకు మొగపిల్లలతోని కార్ల తిరిగే పనేంది?" మధ్యలో బాబాయ్. హనుమకొండ చౌరస్తా దగ్గర ఆయన మడిగె ఒకటి ఖాళీగా ఉంది. ఏడాది కిరాయి వద్దు, స్టూడియో పెట్టుకో అంటున్నారు. "పట్నంల గల్లీకో స్టూడియో. ఈడికొస్తే నువ్వే రాణివి."

ఏ కెమెరా కొనాలి, ఉద్యోగం మానెయ్యాలా, హైదరాబాదా హనుమకొండా, రావాల్సిన డబ్బు ఎలా రాబట్టాలి, ఎగ్గొట్టినాయన పేరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేయనా, అసలు ఆడపిల్ల చేయగలిగిన పనేనా అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో చిన్న అక్షరాలతో, "సినిమాల్లోకి వెళ్లాలని కూడా ఉంది" అని.

* * *

"మేడమ్" అని మొదలుపెట్టి మూడో పేజీకల్లా "అక్కా" అన్నావు. కాబట్టి నేనూ నువ్వనే అంటాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని. కెమెరాల పేర్లు పదకొండుసార్లు వచ్చాయి. లెన్సులు ఆరుసార్లు, డ్రోను మూడుసార్లు. నీకు డబ్బిచ్చి పని చేయించుకునే మనిషి మాత్రం ఒక్కసారీ రాలేదు. వెక్కిరింతకు చెప్పడం లేదు, ఈ పనిలోకి వచ్చేవాళ్లందరం ముందు కెమెరా కొట్టు దగ్గరే ఆగిపోతాం. కెమెరాకైతే ధర తెలుసు, దాని గురించి యూట్యూబులో కావలసినన్ని వీడియోలున్నాయి. "నన్ను ఎవరు పిలుస్తారు?" అన్నదానికి ఎక్కడా వీడియో దొరకదు. అందుకే దాన్ని పక్కన పెట్టి దీన్ని పట్టుకుంటాం.

సరే, కెమెరాతోనే మొదలుపెడదాం. బాడీ (లెన్సు లేని కెమెరా), రెండు లెన్సులు కలిపి నాలుగున్నర లక్షలవుతాయని రాశావు. అదే సెట్టు యూసుఫ్‌గూడలో అద్దెకు అడిగితే రోజుకు 2,500 చెప్పారనీ రాశావు. ఒకటి మొదటి పేజీలో ఉంది, ఇంకొకటి మూడో పేజీలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నాలుగున్నర లక్షలంటే 180 రోజుల అద్దె. పోయినేడాది నువ్వు చేసిన 14 పెళ్లిళ్లకు, ఒక్కోదానికి రెండు రోజులేసుకున్నా 28 రోజులు. 70,000. ఆ లెక్కన నీ దగ్గరున్నది ఆరేళ్లకు పైబడిన అద్దె డబ్బు. ఆరేళ్లలో ఆ మోడల్ పాతబడి, కొన్న ధరలో సగానికి అడిగేవాళ్లు కూడా దొరకరు.

అద్దెలోనూ చిక్కులున్నాయి. మంచి ముహూర్తం రాత్రి ఊరంతా ఒకేసారి షూటింగ్. ఆ రోజు కెమెరా కావాలంటే నెల ముందే చెప్పిపెట్టుకోవాలి. తెచ్చుకున్న దానికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు నీదే. ప్రతిసారీ వేరే బాడీ చేతికొస్తే బటన్లు వెతుక్కోవడంలోనే జీలకర్ర బెల్లం అయిపోతుంది. అందుకే, ఏడాదిలో 60, 70 రోజులు నువ్వే సొంతంగా అద్దెకు తెచ్చుకునే స్థితి వచ్చిందనుకో, అప్పుడు కొనుక్కో. అప్పటికి ఏది కొనాలో నన్ను అడగవు కూడా.

కొత్త కెమెరా ఎందుకంటే నువ్వు చెప్పిన పెద్ద కారణం, ఫంక్షన్ హాళ్లలో తీసిన వీడియోల్లో చారలు పడుతున్నాయని, వెలుగు మినుకుమినుకుమంటోందని. అమ్మాయీ, అది కెమెరా తప్పు కాదు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. దానిమీద వెలిగే చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. మన కంటికి ఆనదు, షట్టర్‌కి (ఒక్కో ఫ్రేముకు వెలుగు లోపలికొచ్చే సమయానికి) ఆనుతుంది. సినిమా లుక్ అని సెకనుకు 24 ఫ్రేములు పెట్టుకుని షట్టర్ సెకనులో 1/60కో ఇంకెక్కడికో పోనిస్తే చారలు రాక తప్పదు. 25 ఫ్రేములు, 1/50 పెట్టు. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100. స్టేజీ వెనకుండే ఎల్‌ఈడీ వాల్ (పెద్ద తెర) సంగతి మాత్రం వేరు, దాని లెక్క దానిది. షట్టర్‌ను సన్నసన్నగా జరిపే వీలు కెమెరాలో ఉంటే జరిపి చూడు, లేదంటే ఆ గోడ ఫ్రేములో తక్కువ పడే చోట నిలబడు. నాలుగున్నర లక్షల సమస్య ఒక డయల్‌తో పోతుందంటే నమ్మబుద్ధి కాదు. ఈ వారమే హాస్టల్ ట్యూబులైటు కింద ఉన్న కెమెరాతోనే తీసి చూసుకో.

కొనదగ్గవి వేరే ఉన్నాయి. రెండు మంచి కాలర్ మైకులు, చేతిలో ఇమిడే ఒక లైటు, రెండు హార్డ్ డిస్కులు. పెళ్లి వీడియోలో బొమ్మ కొంచెం మసకగా ఉన్నా క్షమిస్తారు, అప్పగింతలప్పుడు తల్లి మాట బ్యాండు మోతలో కలిసిపోతే క్షమించరు. డిస్కులు రెండు ఎందుకంటే, సెకనుకు 100 మెగాబిట్ల 4కే ఫుటేజీ గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ, దానికి ఇంకో కాపీ. రెండో కాపీ పూర్తయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. క్యాసెట్ల రోజుల్లో, నిజామాబాద్ దగ్గర ఒక పెళ్లిలో, తలంబ్రాల క్యాసెట్టు మీదే భోజనాల బంతి రికార్డు చేశాను. పెళ్లికూతురి తండ్రి తిట్టలేదు. టీవీ ముందు కూర్చుని, తన తమ్ముడు పులిహోర రెండోసారి వడ్డించుకోవడం చూస్తూ, "ఇదేనామ్మా తలంబ్రాలు?" అని అడిగాడు. తీసుకున్న డబ్బు వెనక్కిచ్చేసి వచ్చాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక ఎవరు పిలుస్తారన్న సంగతి.

నీకు ఎవరూ చెప్పనిది ఒకటి నీ ఉత్తరంలోనే ఉంది. రెండో పేజీ అడుగున, టోలీచౌకీలో ఒక నిఖాకు వెళ్లానని, ఆడవాళ్ల వైపు నువ్వొక్కదానివే తీశావని, తర్వాత ఆ ఇంటివాళ్లు ఎడిటింగ్ కూడా నువ్వే చేయాలని పట్టుబట్టారని ఒక వాక్యం రాసి వదిలేశావు. మిగతా మూడు పేజీలకంటే ఆ వాక్యం విలువైంది.

హైదరాబాద్‌లో ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లకు వేరే హాలు, వేరే భోజనాలు. అటువైపు మగ కెమెరామెన్ అడుగు పెట్టకూడదనే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఫుటేజీ మగ ఎడిటర్ కంట కూడా పడకూడదనేవాళ్లున్నారు. షూటింగూ ఎడిటింగూ రెండూ చేతనైన అమ్మాయిలు ఎంతమందున్నారో నువ్వే లెక్కపెట్టుకో. మన ఇళ్లలోనూ అంతే. పెళ్లికూతురి అలంకరణ, మంగళస్నానాలు, సీమంతం, ఓణీల ఫంక్షన్ లాంటి చోట్ల అమ్మాయి కెమెరా పట్టుకుంటే ఆ గదిలో వాళ్లు సర్దుకుని కూర్చోరు, మామూలుగా నవ్వుతారు. ఆ తేడా వీడియోలో కనిపిస్తుంది, దానికి డబ్బులిస్తారు.

దీనికి రెండు షరతులున్నాయి. ఆ ఇళ్లవాళ్లు నిన్ను నమ్మి లోపలికి రానిస్తున్నారు. వాళ్ల వీడియో నీ ఇన్‌స్టాలో పెట్టకూడదు, స్నేహితులకు చూపించకూడదు, అప్పజెప్పాక ఎన్ని రోజులకు చెరిపేస్తావో ముందే రాసివ్వాలి. అంటే నీకు బాగా డబ్బొచ్చే పనే నీ ప్రచారానికి పనికిరాదు. నోటిమాటగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకాల్సిందే, దానికి టైం పడుతుంది. రెండోది, "లేడీ కెమెరా" అనే పేరు పడ్డాక పెద్ద టీములు నిన్ను పెళ్లికూతురి గది దాటనివ్వవు. మండపం ముందు మెయిన్ కెమెరా వేరేవాడికి వెళ్తుంది. అప్పుడప్పుడూ తక్కువ డబ్బుకైనా మెయిన్ కెమెరా పట్టే పని ఒప్పుకుంటూ ఉండు, లేకపోతే చెయ్యి మొద్దుబారుతుంది.

ఉద్యోగం మానాలా అంటే, మూఢం ఒకటి చూసి మాను అంటాను. జీతానికి మూఢం లేదు, పెళ్లి పనికి ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురువో శుక్రుడో మూఢంలో పడితే ఇంకొన్ని వారాలు తుడిచిపెట్టుకుపోతాయి. మిగిలిన నెలల్లో పనంతా కొన్ని రాత్రుల మీదే పడుతుంది. ఒకే ముహూర్తానికి నలుగురు పిలుస్తారు, నువ్వు ఒక్కచోటికే వెళ్లగలవు. నీ బ్యాంకు పాస్‌బుక్కు తీసి, గత ఏడాది పెళ్లిళ్ల డబ్బు నెలవారీగా రాసిపెట్టు. ఎన్ని నెలలు సున్నా ఉందో చూడు. ఆ నెలల్లో హాస్టల్ ఫీజు ఎక్కడినుంచి వస్తుందో రాయగలిగిన రోజు రాజీనామా రాయి.

ఆ సున్నా నెలలు నింపే పని హైదరాబాద్‌లో ఉంది. ఈ ఊళ్లో ఉండటానికి అసలు కారణం అదే, సినిమా కాదు. ఆసుపత్రులు డాక్టర్లతో చెప్పించే చిన్న వీడియోలు, గచ్చిబౌలి కంపెనీల వార్షికోత్సవాలు, రియల్ ఎస్టేట్ వాళ్ల వెంచర్లు, హోటళ్ల రీల్స్, నీ కంపెనీలాంటివి ఇంకో పాతిక. వీటికి ఆషాఢం అడ్డు రాదు. రాత్రి పని కాదు, అమ్మ అభ్యంతరానికీ సగం జవాబు. పైగా మూడేళ్లుగా నీరసంగా అనిపించిన పాఠాల ఎడిటింగే ఇక్కడ నీ పెట్టుబడి. మాట్లాడటం రాని మనిషి గంటసేపు చెప్పినదాన్ని వినదగ్గ ఆరు నిమిషాలకు తేవడం అందరి వల్లా కాదు. పెళ్లి టీముల్లో ఉన్న కుర్రాళ్లకు అసలే రాదు, వాళ్లు పాట పెట్టి స్లో మోషన్ వేస్తారు. (నాకు స్లో మోషన్ మీద కోపమేం లేదు. పప్పుచారు పోసేది కూడా స్లో మోషన్‌లో చూపించినప్పుడే.)

కంపెనీల పనిలో తలనొప్పి ఏమిటంటే, బిల్లు ఇచ్చాక డబ్బు రావడానికి నెలలు పట్టొచ్చు, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తారు. కోసినది రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది, కాబట్టి రిటర్ను వేయడం అలవాటు చేసుకో. జీఎస్టీ గురించి భయపడుతున్నావు, ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ సమస్య వచ్చిన రోజు నాకు స్వీట్లు పంపు.

బాబాయ్ మడిగె సంగతి తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. కిరాయి లేని చోటు, తెలిసిన ఊరు, ఇంటి భోజనం. హైదరాబాద్‌లో నీ జీతంలో హాస్టలు, తిండి, మెట్రో ఎంత తింటున్నాయో నీకు తెలుసు. అక్కడ అంత ఖర్చు లేదు. నిట్ ఉంది, ఆసుపత్రులున్నాయి, కాలేజీలున్నాయి, రెండేళ్లకోసారి మేడారం జాతర ఉంది. డాక్యుమెంటరీలు తీయాలని రాశావు కదా, మీ ఉమ్మడి వరంగల్ జిల్లాలో చేర్యాల బొమ్మలున్నాయి, పెంబర్తి ఇత్తడి పని ఉంది, వరంగల్ జంపఖానాలు నేసేవాళ్లున్నారు. హైదరాబాద్ నుంచి వెళ్లి ఒక్కరోజులో తీసుకొచ్చేవాళ్ల కంటే, ఆ నేతగాళ్ల ఇంట్లో నాలుగు నెలలు టీ తాగినవాళ్లు బాగా తీస్తారు.

కానీ అక్కడ కెమెరా అద్దెకు కావాలంటే ఇక్కడున్నన్ని చోట్లు ఉండవు, కాబట్టి ముందే కొనాల్సి వస్తుంది. అంటే నాన్న డబ్బు కదులుతుంది. మొదటి ఏడాది వచ్చేవాళ్లు బాబాయ్ మొహం చూసి వస్తారు. బాబాయ్ మొహం చూసి వచ్చినవాళ్లు బాబాయ్ మొహం చూసే తగ్గించమంటారు. మీ చుట్టాల పెళ్లికి నువ్వు బిల్లు ఇవ్వగలవా? 46,000 గట్టిగా అడగడానికే రెండు సీజన్లు మొహమాటపడ్డదానివి, మేనత్త కొడుకు పెళ్లికి అడ్వాన్సు అడుగుతావా? ఇంకోటి, నీకంటే బాగా చేసేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం అక్కడ తక్కువ. 26 ఏళ్లకే ఊళ్లో రాణివైతే 30 ఏళ్లకు కూడా అదే పని అదే పద్ధతిలో చేస్తూ ఉంటావు. పిల్లలు, ఇల్లు వచ్చాక 33 ఏళ్లకు వెళ్లి పెడితే అదే మడిగె బంగారం. బాబాయ్ అప్పటిదాకా ఖాళీగా ఉంచడులే, అది వేరే మాట.

రెండిట్లో ఒకటి ఇప్పుడే తేల్చేయాలని నీకెందుకు అనిపిస్తోందో నాకు అర్థం కాలేదు. కాజీపేటకు రైల్లో రెండున్నర గంటలు. బాబాయ్‌ని మడిగె బదులు మూడు పెళ్లిళ్లు అడుగు. హైదరాబాద్‌లో ఉంటూనే ఆ మూడూ చెయ్యి, కెమెరా ఇక్కడినుంచే అద్దెకు పట్టుకెళ్లు. మూడిట్లో ఎంతమంది పూర్తి డబ్బు ఇచ్చారో, ఎంతమంది "మనోళ్లే కదా" అన్నారో చూస్తే, హనుమకొండలో వ్యాపారం ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది. వేయిస్తంభాల గుడి దగ్గరో రామప్పలోనో ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకుందాం అని ఎవరైనా అంటే మాత్రం ముందు పురావస్తు శాఖ అనుమతి సంగతి కనుక్కో. అవి రక్షిత కట్టడాలు, ట్రైపాడ్ దించగానే ఎవరో ఒకరు వస్తారు.

46,000 గురించి. ఇన్‌స్టాలో పెడితే రెండు రోజులు మంట, వంద మంది "స్టే స్ట్రాంగ్" అంటారు. డబ్బు మాత్రం రాదు. ఆయన పరువు నష్టం అంటాడు, మిగతా టీములు "ఈ అమ్మాయిని పిలిస్తే మన పేరూ ఎక్కుతుంది" అనుకుంటారు. అలాగని ఊరుకుంటే, నీకు డబ్బివ్వకపోయినా ఏమీ అనవనే సంగతి అంతే వేగంగా పాకుతుంది.

మధ్యలో చేయదగ్గవి ఉన్నాయి. ముందు ఐదు పెళ్లిళ్లకూ తేదీ, ఊరు, చేసిన పని, రావాల్సిన మొత్తం వరసగా రాసి వాట్సాప్‌లో పంపు. కింద "ఏ తేదీకి ఇస్తారో చెప్పండి" అని ఒక్క వాక్యం. తిట్లు వద్దు, బాధ వద్దు. ఆయన "ఇస్తాలే" అని జవాబిచ్చినా చాలు, బాకీ ఒప్పుకున్నట్టే. రేపు లాయరు నోటీసు దాకా వెళ్తే ఆ మెసేజే ఆధారం. తర్వాత, నాకు మరీ నచ్చిన దారి: ఆయన దగ్గర నువ్వు కొనాలనుకుంటున్న కెమెరాయే ఉందని రాశావు. డబ్బు లేదంటే కెమెరా అడుగు. రోజుకు 2,500 లెక్కన 46,000కు 18 రోజులు. ముహూర్తం లేని రోజుల్లో అది ఆయన బీరువాలో ఊరికే ఉంటుంది. ఆయన జేబులోంచి పైసా పోదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ 18 రోజుల్లో ఒక హాస్పిటలుకో హోటలుకో రెండు మూడు వీడియోలు తీస్తే నీ సొంత పని అంటూ చూపించడానికి ఏదో ఉంటుంది. ఒప్పుకోకపోతే, ఆయనతో తర్వాతి పెళ్లికి సగం డబ్బు ముందు చేతిలో పడ్డాకే కారెక్కు. అప్పుడు ఆయన నిన్ను వదిలేయొచ్చు కూడా. వదిలేస్తే ఏం పోతుందో లెక్కేసుకో: పోయినేడాది పద్నాలుగులో ఐదు ఊరికే చేశావు.

ఒక పని మాత్రం చేయకు. నీ డిస్కులో ఉన్న వాళ్ల ఫుటేజీ ఆపి పెట్టడం. కోపంలో ఆ ఆలోచన వచ్చిందని రాశావు. మన కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే ఆ వీడియోకు మొదటి హక్కుదారులు. అది ఆయనదీ కాదు, నీదీ కాదు, ఆ పెళ్లివాళ్లది. వాళ్లు ఆయనకు పూర్తిగా కట్టేశారు.

ఇకముందుకు మాత్రం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు) చేయించుకో. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. ఎవరైనా వెయ్యి రూపాయలడిగితే ఇవ్వకు. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలనే నిబంధన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఉంది, దాటితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. పాత బాకీకి అది పనికి రావడం కష్టం. కొత్తగా చేసే కంపెనీ పనులకు మాత్రం బిల్లు కింద ఆ నంబరు ఉంటే అకౌంట్స్ వాళ్లు కొంచెం త్వరగా కదులుతారు.

డ్రోను కొనకు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్. ఈ ఊరు చుట్టూ రన్‌వేలే. 250 గ్రాములు దాటిన డ్రోనును డబ్బు పనికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ సైటులో చూసుకోవాలి. అవసరమైన రోజు సర్టిఫికెట్ ఉన్నవాణ్ని పిలుచుకో, ఆ ఖర్చు పెళ్లివాళ్ల బిల్లులో వెయ్యి.

సినిమా గురించి చిన్న అక్షరాలతో అడిగావు, నేనూ చిన్నగానే చెప్తాను. పెళ్లి వీడియోల నుంచి సినిమాకు మెట్లు లేవు, అది వేరే భవనం. అక్కడ కెమెరా డిపార్టుమెంటులో చేరితే అసిస్టెంటుగా సున్నా నుంచి మొదలు, యూనియన్ కార్డు సంగతి చూసుకోవాలి, బేటా (రోజువారీ భత్యం) మీద బతకాలి, ఉదయం కాల్‌షీటంటే చీకట్లోనే లొకేషన్లో ఉండాలి. కృష్ణానగర్ కష్టాలు అనే మాట ఊరికే పుట్టలేదు. ఎడిటింగ్ వైపైతే నీకు కొంత దారి ఉంది. అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరితే ఫుటేజీ సర్దడం, బొమ్మనూ మాటనూ కలిపి సింక్ చేయడం వచ్చినవాళ్లు కావాలి, అది నీకు వచ్చు. జీతం ఇప్పటికంటే తగ్గుతుంది. అప్పుడు పెళ్లిళ్లూ, హనుమకొండా, అన్నీ పక్కన పెట్టాలి. నిజంగా కావాలంటే ఇప్పుడే వెళ్లు, అన్నీ కుదిరాక వెళ్దామనుకుంటే కుదరదు. కానీ నాలుగు పేజీల ఉత్తరంలో ఒక్క వాక్యమే దానికి ఇచ్చావని కూడా గుర్తుంచుకో.

నాన్న ఏడు లక్షలు. పెళ్లికి దాచిన డబ్బు ముట్టకూడదని నేననను, ఆయన మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. నా అభ్యంతరం, అది ఒకేసారి ఒక పెట్టెలోకి వెళ్లిపోవడం మీదే. మైకులు, డిస్కులు, లైటు, మూడు నాలుగు నెలల హాస్టల్ ఖర్చు కలిపితే లక్ష, లక్షన్నర. ఉద్యోగం మానే రోజు వస్తే అంతవరకు తీసుకో, తీసుకున్నది డైరీలో అప్పుగా రాసి ఆయన సంతకం పెట్టించు. నవ్వుతారు, పెట్టించు. మిగతా డిపాజిట్ కదపకుండా ఉంటే, పనిలో ఏడాది వృథా అయినా నీ మొహంలో భయం ఉండదు. భయం ఉన్నవాళ్లు రేటు దగ్గర తేలిపోతారు, ఎదుటివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

అమ్మ మాట. ఆవిడ అడిగినదాన్ని నువ్వు "పాతకాలం ఆలోచన" అని రాశావు. కాదమ్మా, పని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది. ముహూర్తం తెల్లవారుజామున మూడుంబావుకైతే, ఆ రాత్రి నువ్వు ఎక్కడ కూర్చుంటావు, బట్టలెక్కడ మార్చుకుంటావు, కారులో ఇంకెవరున్నారు, తాగిన బంధువు కెమెరా ముందుకొచ్చి చెయ్యేస్తే టీములో ఎవరు అడ్డొస్తారు? ఇన్నేళ్లలో నేనూ ఇవి అడక్క వెళ్లిన రోజులున్నాయి, అవి ఇక్కడ రాయను. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా అడ్వాన్సుతోపాటు మాట్లాడతాను: ఇంకో అమ్మాయి ఉండాలి, తాళం ఉన్న గది ఉండాలి, ఇంటి గుమ్మం దాకా డ్రాప్ ఉండాలి. అడిగినందుకు పని పోయింది అరుదు. పోయినవాటికి బాధపడలేదు.

ఈ మూడూ అమ్మకు ఫోనులో వివరిస్తే నమ్మదు. వచ్చే నెలలో పగటిపూట ఓణీల ఫంక్షన్ ఏదైనా ఒప్పుకుని, ఆవిణ్ని హనుమకొండ నుంచి రప్పించు. చుట్టంలా కుర్చీలో కూర్చోబెట్టకు. లైటు పట్టుకోవడానికి ఎలాగూ ఒకరు కావాలి.